పేపర్ పంపే ముందు: జర్నల్ ప్రచురణలో ఏది సరి, ఏది తప్పు, ఎలా చూసుకోవాలి

పేపర్ సరిగ్గా ఉందా అని ఏ రీసెర్చ్ స్కాలర్‌ని అడిగినా ముందుగా వచ్చే జవాబు "సిమిలారిటీ తొమ్మిది శాతమే సార్" అని. ఆ అంకె చెప్పేది ఒక్కటే, మీ వాక్యాలు ఇంకెక్కడో ఉన్న వాక్యాలతో ఎంత కలిశాయని. నీళ్ల శాంపిల్ నిజంగా ఆ బోరు నుంచే తెచ్చారా, రక్తం ఇచ్చిన మనిషికి అది ఎందుకో తెలుసా, పేర్లున్న ఐదుగురిలో పని చేసింది ఎందరు అన్నవి సాఫ్ట్‌వేర్‌కు కనిపించవు. పేపర్ అచ్చయ్యాక మెడకు చుట్టుకునేవి మాత్రం ఇవే.

అందుకని ఈ వివరణ శాంపిల్ తీసే రోజు నుంచే మొదలవుతుంది. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం, వాటి కింది కాలేజీల వాళ్లకు పనికొచ్చేలా ఉదాహరణలన్నీ ఈ చుట్టుపక్కల నుంచే తీసుకున్నాం.

ఊళ్లోకి పోయే ముందు

మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ మీద పని అనుకుందాం. బోరు నీళ్లు మాత్రమే తీసుకుంటే బోరు యజమానిని అడిగితే సరిపోతుంది. మనిషి దగ్గర్నుంచి రక్తమో మూత్రమో తీసుకున్నా, పళ్లు చూసినా, ఫొటో తీసినా, ఒంటి నొప్పుల గురించి ప్రశ్నలడిగినా ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనే మనుషులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి కావాలి. అది కూడా మొదటి మనిషిని కలవక ముందే. పనంతా అయ్యాక, జర్నల్ వాళ్లు అడిగితే అప్పుడు వెనకటి తేదీతో లెటర్ తెచ్చుకోవడం మామూలు విషయంలా చలామణీ అవుతోంది. అది దొంగ పత్రం. ఎడిటర్‌కు అనుమానం వస్తే నేరుగా కమిటీకే రాసి మినిట్స్ అడుగుతారు, అక్కడ కథ అయిపోతుంది.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉండాలి, ఛైర్మన్ ఆ సంస్థకు బయటి వ్యక్తి అయి ఉండాలి. మీ కాలేజీలో కమిటీ లేకపోతే ఇంకో సంస్థ కమిటీతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని అక్కడ పెట్టుకోవచ్చు. దీనికి నెలలు పట్టొచ్చు కాబట్టి సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఖరారవగానే దరఖాస్తు పెట్టేయండి. పేపర్‌లో కమిటీ పేరు, అనుమతి నంబర్, తేదీ మూడూ రాయాలి. కొత్త మందో చికిత్సో ఇచ్చి చూసే పనైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో కూడా ముందే నమోదు కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టేసిన ట్రయల్‌ను అక్కడ నమోదు చేసుకోవడం లేదు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది అంగీకార పత్రం దగ్గర. "సేకరించబడిన నమూనాలు విశ్లేషణ నిమిత్తము వినియోగించబడును" అని రాసి సంతకం పెట్టించుకుంటే అది అంగీకారం అనిపించుకోదు. చదివి వినిపిస్తే అర్థమయ్యేట్టు రాయాలి, ఇట్లా:

"మీ చేతి నుంచి ఒక చెంచాడు రక్తం, అంటే 5 మిల్లీలీటర్లు తీస్తం. దాంట్ల ఫ్లోరైడ్ ఎంతుందో చూస్తం. సూది గుచ్చిన కాడ కొంచెం నొప్పి ఉంటది. మీ పేరు ఎక్కడా అచ్చు వెయ్యం. వద్దనుకుంటే మధ్యల ఆపేయొచ్చు. దీనికి మీ పింఛన్‌తోని, దవాఖానతోని ఏ సంబంధం లేదు. ఇచ్చినందుకు పింఛన్ రాదు, ఇయ్యనందుకు పోదు."

చివరి రెండు వాక్యాలు ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయొద్దు. ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయిన మనిషి ఇంటికి కాగితాలు పట్టుకుని ఎవరైనా వస్తే ఏదో సాయం అందుతుందని ఆశపడటం సహజం. ఆ ఆశ మీద పెట్టిన వేలిముద్ర చెల్లదు. చదవడం రాని వాళ్ల విషయంలో చదువుకున్న ఒక సాక్షి పక్కనుండి, చదివి వినిపించింది తాను విన్నానని సంతకం చేయాలి. ఆ సాక్షి మీ బృందంలో మనిషి కాకూడదు. బడి పిల్లల పళ్లు చూడాలంటే హెడ్‌మాస్టర్ అనుమతితోనే పని కాదు. తల్లిదండ్రుల్లో ఒకరి అంగీకారం తీసుకోవాలి, దాంతో పాటు 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నోటిమాట ఒప్పుదల, 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల రాతపూర్వక ఒప్పుదల కూడా.

ఫొటోకు వేరే అంగీకార పత్రం ఉండాలి. కళ్ల మీద నల్లగీత పెడితే మనిషి తెలియడనుకోవడం తప్పు, జర్నళ్లు దాన్ని ఒప్పుకోవడం లేదు. పైగా మూడొందల గడపలున్న ఊరి పేరు, వయసు, వృత్తి రాసి "కాళ్లు పూర్తిగా వంకర తిరిగిన మహిళ" అంటే ముఖం చూపించకున్నా ఆమె ఎవరో మండలమంతా గుర్తుపడుతుంది. ఊరి పేరు తీసేసి మండలం పేరు రాయండి, వయసును 40 నుంచి 50 మధ్య అని రాయండి. వంకర తిరిగిన ఎముక చూపించాలంటే ఎక్స్‌రే చాలు, మనిషి అక్కర్లేదు.

పాలమూరు వలసల మీద సామాజిక శాస్త్ర పరిశోధనకూ ఇదే వర్తిస్తుంది. మేస్త్రీ ద్వారా కూలీలను కలిస్తే, ఆ మేస్త్రీ పక్కనుండగా వాళ్లు అడ్వాన్సు గురించి, బాకీ గురించి నిజం చెప్పరు, చెబితే వాళ్లకే ముప్పు. ఇంటర్వ్యూ విడిగా జరగాలి. నల్లమలలో చెంచుల దగ్గరికి పోతే పెద్దమనిషి సరేనన్నా ప్రతి మనిషి ఒప్పుదల విడిగా తీసుకోవాలి. వాళ్లు చెప్పిన మూలిక గురించి రాసినప్పుడు ఆ తెలివి ఎవరిదో పేపర్‌లో స్పష్టంగా ఉండాలి.

లెక్కల పుస్తకం

బైండు చేసిన, పేజీ నంబర్లున్న నోట్‌బుక్, చెరగని పెన్ను. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన తేదీ, పొట్టి సంతకం. వైట్‌నర్ వద్దు. ఒక్కో శాంపిల్‌కు తేదీ, టైము, బోరు గుర్తు, లోతు, లోతు చెప్పింది ఎవరు, సీసా నంబర్, మీటర్ మొదటి రీడింగ్, రెండో రీడింగ్, ఎన్ని రెట్లు పలచన చేశారు అన్నవి ఉండాలి. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసాలే వాడాలి. గాజుతో ఫ్లోరైడ్ చర్య జరుపుతుంది, రీడింగ్ తేడా వస్తుంది. అది తెలియక గాజు సీసా వాడితే పొరపాటు. తెలిశాక కూడా పేపర్‌లో "పాలిథిలిన్ సీసాలు" అని రాస్తే అది అబద్ధం.

ఒకటి రెండు రీడింగ్‌లు మిగతా వాటికి పొంతన లేకుండా వస్తాయి. అప్పుడు ఏం చేస్తారన్నదే అసలు పరీక్ష. ముందు అదే సీసా నుంచి మళ్లీ కొలవండి, తర్వాత అదే బోరు నుంచి కొత్త శాంపిల్ తెచ్చి కొలవండి. ఎలక్ట్రోడ్ చెడిపోయిందనో సీసాలు తారుమారయ్యాయనో ఆధారం దొరికితే ఆ రీడింగ్ తీసేయొచ్చు, కానీ తీసేశామని, ఎందుకని పేపర్‌లో ఒక వాక్యం రాయాలి. ఆధారం దొరక్కపోతే అది ఉండాల్సిందే. గ్రాఫ్ నున్నగా రావాలని 40 శాంపిళ్లలో మూడు చెప్పకుండా వదిలేసి 37 అని రాయడం డేటాను వంచడమే. శాంపిల్ తీయకుండానే రీడింగ్ రాసుకోవడం గురించి వేరే చెప్పాల్సిన పని లేదు.

ఫొటోలు, జెల్ బొమ్మల్లో (డీఎన్‌ఏ, ప్రొటీన్లను విడదీసి చూపేవి) వెలుతురు పెంచితే బొమ్మ మొత్తానికి ఒకే తీరుగా పెంచాలి. రెండు జెల్‌ల నుంచి తెచ్చి పక్కపక్కన పెడితే మధ్యలో గీత గీసి కింద ఆ సంగతి రాయాలి. అసలు ఫైలు కదిలించకుండా దాచుకోండి, ఎడిటర్ అడిగేది దాన్నే.

పేర్ల వరుస

ఇది నోరు విప్పి మాట్లాడటానికి అందరూ జంకే విషయం. స్కాలర్ పని చేస్తాడు. గైడ్ పేరు, విభాగాధిపతి పేరు, గైడ్ గారి స్నేహితుడి పేరు, ఒక్కోసారి ప్రిన్సిపాల్ పేరు కూడా వచ్చి చేరతాయి. దీని వెనక మొహమాటమొక్కటే లేదు. అధ్యాపకుల పదోన్నతులకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో పాయింట్ల లెక్క ఉంది. ఇద్దరు రచయితలైతే చెరి 70 శాతం, అంతకన్నా ఎక్కువైతే ముఖ్య రచయితకు 70 శాతం, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం. పేరు చేరిస్తే ఉత్తి పుణ్యానికి 30 శాతం వస్తుందన్న మాట. అందుకే "నా దాంట్లో నీ పేరు, నీ దాంట్లో నా పేరు" అనే బదులు పద్ధతి పాతుకుపోయింది.

వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ పెట్టిన నాలుగు షరతులను మిగతా శాస్త్రాల జర్నళ్లు కూడా చాలావరకు పాటిస్తున్నాయి. పరిశోధన ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాలు ఉండాలి. పేపర్ రాయడంలోనో, విషయపరంగా దిద్దడంలోనో చెయ్యి ఉండాలి. చివరి ప్రతిని చదివి ఒప్పుకుని ఉండాలి. రేపు ప్రశ్న వస్తే జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉంటేనే రచయిత. ల్యాబ్ ఇచ్చినవాళ్లు, నిధులు ఇప్పించినవాళ్లు, శాంపిల్ మోసినవాళ్లు కృతజ్ఞతల్లో వస్తారు, అది కూడా వాళ్లనడిగి. ఎదురు తప్పు కూడా ఉంది. ఎంఎస్సీ ప్రాజెక్టు విద్యార్థి ఆరు నెలలు కొలిచిన రీడింగ్‌లు వాడుకుని పిల్ల పేరు వదిలేయడం ఉత్త పేరు చేర్చడం కన్నా ఘోరం.

మొదటి శాంపిల్ తీయక ముందే ఒక కాగితం మీద ఎవరు ఏం చేస్తారు, వరుసలో ముందెవరు అని రాసుకుని అందరూ సంతకాలు పెట్టుకోండి. స్కాలర్ నోటితో అడగలేకపోతే మెయిల్‌లో ఇలా అడగొచ్చు: "సార్, జర్నల్ వాళ్లు ఒక్కో రచయిత చేసిన పని విడివిడిగా రాయమంటున్నారు. ఫారం జత చేస్తున్నాను. మీ పని, మిగతా సార్ల పని మీరే నింపగలరు." అబద్ధం కూడా లేదు, చాలా జర్నళ్లు ఇప్పుడు క్రెడిట్ అనే 14 పాత్రల పట్టిక అడుగుతున్నాయి. ఏ పాత్రా ఎంచుకోలేని పేరు తనంతట తానే తప్పుకుంటుంది.

రాత

కాపీని ఆపడానికి యూజీసీ 2018లోనే విడిగా తెచ్చిన నిబంధనల్లో, సిమిలారిటీ శాతాన్ని బట్టి థీసిస్‌కు నాలుగు మెట్లున్నాయి. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు అయితే ఆరు నెలల్లోగా సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాదిపాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అచ్చయిన పేపర్ విషయంలో అధ్యాపకులకు 40 దాటితే ఒక ఇంక్రిమెంటు, 60 దాటితే రెండు ఇంక్రిమెంట్లు ఆపుతారు. కొత్త స్కాలర్లను తీసుకోనివ్వకపోవడం మొదటి దాంట్లో రెండేళ్లు, రెండో దాంట్లో మూడేళ్లు. రిఫరెన్సులు, కొటేషన్ గుర్తుల్లో ఆధారంతో ఇచ్చిన భాగం, చట్టాల పాఠం, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు.

ఈ పట్టిక చూసి, 10 లోపు ఉంటే కాపీ చేయొచ్చన్న అర్థం తీసుకుంటున్నారు. 4 శాతమైనా, ఆ నాలుగూ ఇంకొకరి ఫలితాలైతే దొంగతనమే. 18 శాతమైనా, అంతా ల్యాబ్ పద్ధతి వర్ణనైతే మళ్లీ రాసుకుంటే సరిపోతుంది. రిపోర్టులో అంకె కన్నా రంగు పడ్డ చోట్లు చూడండి. ఫలితాలు, చర్చ, ముగింపులో రంగు పడితే ఆగి ఆలోచించాలి.

తెలుగు, చరిత్ర, రాజనీతి శాస్త్రం విభాగాల వాళ్లకు ఒక మాట. ఇంగ్లిష్ వ్యాసంలోని పేరాను తెలుగులోకి తిప్పి రాస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు. ఆధారం చెప్పకపోతే అది కాపీయే. వాక్యం మీదే, ఆలోచన వాళ్లది అయినప్పుడు కూడా పేరు, సంవత్సరం, పేజీ ఇవ్వాలి. మీ ఇంగ్లిష్ పేపర్‌నే తెలుగులో మళ్లీ వేయాలనుకుంటే దారి ఉంది. రెండు జర్నళ్ల ఎడిటర్ల అనుమతి తీసుకుని, మొదటి పేజీలోనే "ఇది ఫలానా జర్నల్‌లో ఫలానా సంచికలో వచ్చిన వ్యాసానికి తెలుగు రూపం" అని రాయాలి. పాయింట్ల కోసం దాన్ని రెండు పేపర్లుగా లెక్కపెట్టకూడదు. ఒకే సర్వేను ముక్కలు చేసి, ఒక పేపర్ మగవాళ్ల మీద, ఇంకోటి ఆడవాళ్ల మీద, మూడోది పిల్లల మీద అని వేయడం కూడా ఇలాంటిదే. అన్నీ కలిపి చదివితేనే ఊరి పరిస్థితి తెలుస్తుంది, ముక్కలుగా చదివిన డాక్టర్‌కు తెలియదు.

చాట్‌జీపీటీ లాంటివి ఇంగ్లిష్ దిద్దడానికి వాడుకుంటే, వాడామని పేపర్‌లో చెప్పండి. ప్రచురణ నీతి కమిటీ, అందరూ కోప్ అని పిలిచేది, 2023లోనే తేల్చింది: అలాంటి పనిముట్టు రచయిత కాలేదు, అది రాసిన ప్రతి అక్షరానికీ బాధ్యత మీదే. అది లేని పేపర్లను పుట్టించి రిఫరెన్సులుగా ఇస్తుంది, పేర్లు, సంవత్సరాలు నిజంలా ఉంటాయి. ప్రతి రిఫరెన్సుకు డీఓఐ (ఆ పేపర్‌కు ఇంటర్నెట్‌లో ఉండే శాశ్వత గుర్తింపు నంబర్) తీసి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే, పేరు వెతికినా దొరక్కపోతే కొట్టేయండి. తెరుచుకుంటే అది వెనక్కి తీసుకున్న పేపర్ కాదని కూడా చూడండి, రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ ఉచితంగానే దొరుకుతుంది.

జర్నల్ ఎంపిక

"యూజీసీ కేర్ జర్నల్, 48 గంటల్లో యాక్సెప్టెన్స్" అనే మెసేజ్ ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కేర్ అంటే యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా. యూజీసీ ఆ జాబితాను ఆపేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది, జర్నల్ మంచిచెడ్డలు తేల్చుకునే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించింది. కాబట్టి ఆ పేరు చెప్పి ఇవాళ పేపర్లు అడుగుతున్నారంటేనే అనుమానించాలి. మీ విశ్వవిద్యాలయం ఇప్పుడు ఏ జర్నళ్లను లెక్కలోకి తీసుకుంటుందో రీసెర్చ్ సెల్ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. థీసిస్ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో తీసేసింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టుకుందేమో కనుక్కోండి. లేని షరతుకు భయపడి డబ్బు పోగొట్టుకుంటున్న స్కాలర్లున్నారు.

ముందు ఐఎస్ఎస్ఎన్, అంటే పత్రికలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబర్ చూడండి. ఎనిమిది అంకెల్లో చివరిది తనిఖీ అంకె. బెంగళూరు నుంచి వచ్చే కరెంట్ సైన్స్ నంబర్ 0011-3891. మొదటి ఏడు అంకెలను వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించండి: 0, 0, 6, 5, 12, 24, 18. మొత్తం 65. దాన్ని 11తో భాగిస్తే మిగిలేది 10. పదకొండులోంచి పది తీస్తే 1, అదే చివరి అంకె. (మిగిలేది సున్నా అయితే చివర 0, తీసివేత 10 వస్తే చివర ఎక్స్ ఉంటుంది.) లెక్క కుదరకపోతే ఆ నంబర్ ఉత్త కల్పితం, ఇంకేం చూడక్కర్లేదు. కుదిరినంత మాత్రాన జర్నల్ మంచిదని కాదు. ఐఎస్ఎస్ఎన్ అనేది బండి నంబర్ ప్లేటు లాంటిది, డ్రైవర్ ఎలాంటివాడో చెప్పదు. సదస్సు సంకలనాల మీద ఉండే ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకు ఇచ్చే నంబర్) కూడా అంతే, అది సమీక్ష జరిగిందనడానికి రుజువు కాదు.

తర్వాత ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఆ నంబర్ కొట్టి పేరు, ప్రచురణకర్త, దేశం మీ ముందున్న వెబ్‌సైట్‌తో సరిపోతున్నాయా చూడండి. ఇక్కడే పెద్ద మోసం ఉంది. అచ్చులో మాత్రమే వచ్చే మంచి పాత పత్రిక పేరు, నంబర్ ఎత్తుకుని నకిలీ సైట్ పెడతారు. జాబితాలో పేరు ఉంటుంది, మీరు కట్టిన డబ్బు వేరేవాళ్లకు పోతుంది. అందుకే మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు. స్కోపస్ లేదా డీఓఏజే (రెండూ జర్నళ్లను పరిశీలించి నమోదు చేసే జాబితాలు) రికార్డులో ఉన్న లింకు నుంచి సైట్‌కు వెళ్లండి. స్కోపస్‌లో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు అన్నది చదవండి. "2022 వరకు" అని ఆగిపోతే దాన్ని తీసేసినట్టే, సైట్ మీద "స్కోపస్ ఇండెక్స్‌డ్" అన్న బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది.

ఆ తర్వాత గత రెండు సంచికలు తెరిచి నాలుగైదు పేపర్లు చదవండి. దీన్ని మించిన పరీక్ష లేదు. పేరులో హోమియోపతి ఉండి లోపల కంప్యూటర్ నెట్‌వర్క్‌లు, తెలుగు కవిత్వం, బ్యాంకింగ్ కలిసి కనిపిస్తే మూసేయండి. నిజమైన సమీక్షకు వారాలు, తరచు నెలలు పడుతుంది. రెండు రోజుల్లో ఇద్దరు నిపుణులు చదివి అభిప్రాయం రాయడం అయ్యే పని కాదు. డబ్బు తీసుకునే మంచి జర్నళ్లూ ఉన్నాయి. అయితే అవి రుసుము ముందే సైట్‌లో రాస్తాయి, అంగీకరించాకే అడుగుతాయి, సంస్థ పేరున రసీదు ఇస్తాయి. ఎవరిదో ఫోన్‌పే నంబర్‌కు వేయమంటే వేయొద్దు. ఇది మన గడప ముందు జరగని సంగతేం కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓ ప్రచురణ సంస్థ సమీక్ష పేరుతో పరిశోధకులను మోసగించిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పిచ్చింది.

అలాంటిచోటికి ఇప్పటికే పంపేసి ఉంటే డబ్బు కట్టకుండా, కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టకుండా, "నా వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నాను, ప్రచురించడానికి నా అనుమతి లేదు" అని మెయిల్ రాసి దాచుకోండి. ఉపసంహరణ రుసుము అడుగుతారు, కట్టొద్దు. ఆ తర్వాత పంపే జర్నల్ ఎడిటర్‌కు జరిగింది ముందే చెప్పండి.

పంపడం, సమీక్ష

ఒకసారికి ఒకే జర్నల్. తిరస్కరించారనో, ఉపసంహరణ ఒప్పుకున్నామనో జవాబు వచ్చాకే రెండో చోటికి. నిధులు ఎక్కడివి, ఫలితంతో ఎవరికైనా లాభం ఉందా అన్నది రాయండి. ఫ్లోరైడ్ వడపోత ఫిల్టర్ మీద పేపర్ రాస్తూ ఫిల్టర్లు ఆ కంపెనీయే ఉచితంగా ఇస్తే ఆ సంగతి చెప్పి తీరాలి, చెప్పడం వల్ల పేపర్ విలువ తగ్గదు. సమీక్షకుల పేర్లు సూచించమంటే గైడ్‌ను, సహ రచయితలను, ఒకే విభాగం వాళ్లను ఇవ్వొద్దు. సంస్థ మెయిల్ ఐడీలే ఇవ్వండి.

మీకే సమీక్షకు వస్తే, ఆ రాతప్రతి మీ చేతిలో ఉన్న పరాయి సొత్తు. స్కాలర్‌కు ఇచ్చి చదివించాలంటే ఎడిటర్‌ను అడగాలి. ఏ చాట్‌బాట్‌లోనూ పెట్టొద్దు. మీ పేపర్లు ఉటంకించమని అడగడం, విషయానికి నిజంగా అవసరమైతే తప్ప, వద్దు.

అచ్చయ్యాక తప్పు కనిపిస్తే

రెండు రెట్లు పలచన చేసిన శాంపిల్ రీడింగ్‌ను రెండుతో గుణించడం మర్చిపోయారనుకుందాం. పట్టికలో లీటరుకు 1.4 మిల్లీగ్రాములని పడింది, అసలు విలువ 2.8. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మించకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట మాత్రమే 1.5 వరకు. అంటే మీ పేపర్ 1.5 పరిమితిలో ఉందన్న బోరు నిజానికి ఆ పరిమితికి దాదాపు రెట్టింపు ఫ్లోరైడ్ ఇస్తోంది. ఎవరూ చూడలేదు కదా అని ఊరుకుంటే ఆ నీళ్లు తాగేవాళ్లు తాగుతూనే ఉంటారు.

నోట్‌బుక్ తీసి ఎన్ని శాంపిళ్లకు ఈ తప్పు జరిగిందో తేల్చండి. సహ రచయితలందరికీ ఒకే మెయిల్‌లో చెప్పి ఒప్పుదల తీసుకోండి. తర్వాత ఎడిటర్‌కు: పేపర్ పేరు, డీఓఐ, ఏ పట్టిక, ఏ వరుస, పడిన విలువ, సరైన విలువ, తప్పు ఎలా జరిగింది, ముగింపు మారుతుందా లేదా. నోట్‌బుక్ పేజీ ఫొటో జత చేయండి. ఒకటి రెండు వరుసలే మారి ముగింపు నిలబడితే సవరణ వేస్తారు. ముగింపే తలకిందులైతే పేపర్‌ను వెనక్కి తీసుకోమని మీరే అడగండి. పేపర్ మాయం కాదు, దాని మీద ఆ ముద్ర పడుతుంది, పక్కనే కారణం ఉంటుంది. రచయితలే ముందుకొచ్చి చెప్పిన పొరపాటని అందులో రాయమని కోరవచ్చు, ఎడిటర్లు సాధారణంగా రాస్తారు.

నోటీసు అచ్చయ్యాక దాని ప్రతిని గైడ్‌కు, మీ లైబ్రరీకి పంపండి, థీసిస్‌లో అదే పట్టిక ఉంటే అక్కడా దిద్దించండి. ఆ బోరు ఉన్న ఊరి పంచాయతీ కార్యదర్శికి సరైన అంకెను తెలుగులో రాసి ఇవ్వండి.